కేలరీల పుస్తకానికి రెండు వారాల సెలవు

బరువు తగ్గడానికి మా ఆహార విభాగానికి వచ్చేవారి సంచిలో మూడు వస్తువులు తప్పక ఉంటాయి: ఓపీ చీటీ, మందుల కవరు, వంద పేజీల నోటుబుక్కు. ఉదయం తాగిన టీ మొదలుకొని రాత్రి తిన్న అన్నం దాకా అందులో రాసి, పక్కన కేలరీలు వేయమని చెప్పేది మేమే. మొదటి నెల పేజీలు ముచ్చటగా ఉంటాయి. స్కేలుతో గీతలు కొట్టి, ఏ రోజు మొత్తం ఆ రోజు ఎర్ర సిరాతో వేసుకొచ్చేవారు కూడా ఉన్నారు. రెండో నెలకు "ఉ. ఇడ్లీ, మ. అన్నం" అని పొడి మాటలు మిగులుతాయి. మూడో నెల సగానికి వచ్చేసరికి ఖాళీ పేజీలు మొదలవుతాయి. ఈమధ్య కొందరు నోటుబుక్కు మానేసి ఫోన్లో నమోదు చేసుకుంటున్నారు. ఖాళీ దినాలు అక్కడా ఇంచుమించు అదే వేళకు వస్తున్నాయి.

పేజీలు ఖాళీ కావడం మాకు పెద్ద చింత కాదు. ఆ తర్వాత మనిషే కనబడకుండా పోవడం మా చింత.

ఒక రిటైరైన టీచరుగారి సంగతి చెబుతాము. మోకాళ్ల నొప్పి, బీపీ ఉన్నాయి. 84 కిలోల బరువుతో వచ్చారు. రోజుకు 1300 కేలరీల పథ్యం మీద నాలుగు నెలల్లో 77 కిలోలకు దిగారు. మోకాళ్లు కాస్త తేలికపడి, మందిరం మెట్లు పట్టుకోకుండా ఎక్కుతున్నానని సంతోషంగా చెప్పారు. ఆ తరువాత పది వారాలు ఆమె జాడ లేదు. చివరికి వాళ్లబ్బాయి పట్టుబట్టి తీసుకొచ్చాడు.

"ఇన్నాళ్లూ రాలేదేంటమ్మా?" అని మా డైటీషియన్ అడిగితే, ఆమె తల దించుకుని, "లెక్క రాయడం మానేశాను మేడమ్. ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు?" అన్నారు.

బరువు చూస్తే 77 కిలోల 600 గ్రాములు. పది వారాల్లో పెరిగింది 600 గ్రాములు. "మీరు రాయడం మానేశారు గాని, అదుపుగా తినడం మానలేదమ్మా" అని చెబితే ఆమె ముందు నమ్మలేదు. మిషన్ ఇంకోసారి ఎక్కి చూసుకున్నారు.

అంతవరకు బాగానే ఉంది. అయితే లెక్క రాయలేదన్న సిగ్గుతో ఆమె డాక్టరుగారి దగ్గరకు కూడా రాలేదు. బీపీ మాత్రలు అయిపోయి నెల దాటింది. ఆ రోజు ఆమె బీపీ 170/100. ముప్పు తెచ్చింది 600 గ్రాముల బరువు కాదు, పుస్తకం ఖాళీగా ఉందన్న సిగ్గు.

అందుకే ఈ సంచికలో ఈ విషయం వివరంగా రాస్తున్నాము. బరువు తగ్గే మధ్యలో కేలరీల లెక్కకు విరామం ఇవ్వవచ్చు. దాన్ని చెప్పి, తేదీలు పెట్టుకుని తీసుకుంటే అది కూడా చికిత్సలో భాగమే.

లెక్క ఎందుకు రాయమంటాం?

కేలరీలు లెక్కపెట్టుకుని బరువు తగ్గవచ్చన్న మాటను ఇళ్లలోకి చేర్చినవారిలో ముఖ్యురాలు లులు హంట్ పీటర్స్ అనే అమెరికా వైద్యురాలు. 1918లో ఆమె రాసిన పుస్తకం ఏళ్ల తరబడి విరివిగా అమ్ముడుపోయింది. ఒక రొట్టె ముక్క అనకండి, 100 కేలరీల రొట్టె అనండి అని ఆమె పాఠకులకు నేర్పింది. సరిగ్గా ఆ 1918లోనే మన దేశంలో కూనూరులో ఒక చిన్న పరిశోధన కేంద్రం మొదలైంది. 1958లో అది హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. మన బియ్యంలో, పప్పుల్లో, ఆకుకూరల్లో ఏముందో పరీక్షించి పట్టికలు కట్టింది ఆ సంస్థ శాస్త్రవేత్తలే. మేము మీకిచ్చే కాగితంలోని అంకెలకు ఆధారం ఆ సంస్థ పట్టికలే: ఒక కప్పు అన్నం 170, ఒక పుల్కా 80, రెండు ఇడ్లీలు 150, ఒక సాదా దోశ 125 కేలరీలు.

ఈ లెక్క వల్ల నిజమైన మేలుంది. తిన్నది తక్కువగా అనిపించడం మనిషి సహజం. రాస్తేనే తెలుస్తుంది. మన ఇళ్లలో రాసి చూసినప్పుడు బయటపడేది ముఖ్యంగా నూనె. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్ల నూనె అయిపోతోందంటే, మనిషికి రోజుకు 30 గ్రాముల పైన పడినట్టు. గ్రాముకు 9 కేలరీల చొప్పున అవి దాదాపు 275 కేలరీలు. అంటే ఒకటిన్నర కప్పు అన్నం కంటే ఎక్కువ! "నేను అన్నం బాగా తగ్గించేశానండి, అయినా బరువు దిగడం లేదు" అనేవారి పుస్తకంలో చాలాసార్లు జవాబు ఈ నూనె డబ్బాలోనే దొరుకుతుంది. చెంచాడు చెంచాడుగా వేసుకునే ఆవకాయ నూనె కూడా ఇందులోకే వస్తుంది.

చిన్నప్పుడు ఎక్కాలు ఎలా నేర్చుకున్నామో గుర్తు తెచ్చుకోండి. రోజూ గట్టిగా చదివాం. వచ్చేశాక కూరగాయల కొట్టు దగ్గర నిలబడి మొదటినుంచి వల్లెవేయడం లేదు గదా? మూడు నెలలు శ్రద్ధగా రాసినవారికి తమ గిన్నె ఎంత, తమ గరిటె ఎంత అన్నది కంటికి తెలిసిపోతుంది. ఆ తెలివి ఎంత నిలిచిందో చూసుకోవడానికి పుస్తకం కొన్నాళ్లు మూసి ఉంచడమే మార్గం. బరువు తగ్గడం పూర్తయిన తరువాత ఎలాగూ పుస్తకం లేకుండానే బతకాలి. జీవితాంతం ప్రతి ముద్దనూ కొలుచుకుని తినేవారు మాకైతే ఒక్కరూ తారసపడలేదు.

అలసట ఎక్కడ వస్తుంది?

పాశ్చాత్య దేశాల్లో ఎవరి పళ్లెం వారిది, ప్యాకెట్టు మీద కేలరీలు అచ్చువేసి ఉంటాయి. మన వంటింటి తీరు వేరు. పప్పు అందరికీ కలిపి ఒకే గిన్నెలో ఉడుకుతుంది. అందులో ఎంత పప్పు, ఎన్ని నీళ్లు, పోపులో ఎంత నూనె, అందులో మీ వాటా ఎంత? కోడలు వండి అత్తగారు పథ్యం చేసే ఇంట్లో ఈ ప్రశ్నలు రోజుకు మూడుసార్లు వస్తే ఇద్దరికీ విసుగే. చుట్టాల ఇంటికి వెళ్తే "ఈ ఒక్క పూటకు ఏమవుతుంది వదినా" అంటూ వడ్డిస్తూనే ఉంటారు. వద్దంటే నొచ్చుకుంటారు, తింటే ఆ రోజు లెక్క తెగుతుంది. లెక్క తెగిన రోజు ఏమీ రాయాలనిపించదు. అలా ఒక రోజు రెండు, రెండు నాలుగు అవుతాయి.

ఇంకో అలసట లోపలిది. చాలాకాలం తక్కువ తింటూ, తిండి గురించే రాస్తూ ఉంటే మనసు తిండి చుట్టూనే తిరుగుతుంది. దీనికి శాస్త్రంలో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివరిలో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులతో ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోక, దానికి బదులు ఇటువంటి సేవకు ముందుకొచ్చినవారు వాళ్లు. వారిలో చాలామంది బ్రెథ్రెన్, క్వేకర్, మెన్నోనైట్ సంఘాలకు చెందినవారు. మెన్నోనైట్ పేరు మన పాలమూరు ప్రాంతపు సంఘాలవారికి కొత్తది కాదు. ఆ యువకులకు 24 వారాలపాటు రోజుకు సగటున 1570 కేలరీల ఆహారం పెట్టారు. రోజూ నడకా పనీ కూడా ఉండేవి. శరీర బరువులో నాలుగో వంతు దాకా తగ్గారు. అప్పటిదాకా వంట ఊసే ఎరుగని యువకులు వంట పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. పళ్లాలు నాకారు. ఇతర విషయాల మీద ఆసక్తి సన్నగిల్లింది. తిరిగి తిండి పెట్టినప్పుడు కొందరు ఎంత తిన్నా ఆకలి తీరక అల్లాడారు. యూరపులో యుద్ధం వల్ల ఆకలితో ఉన్న జనాన్ని ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి ఆ ప్రయోగం చేశారు.

వాళ్లు సన్నగా ఆరోగ్యంగా ఉన్న యువకులు. మన టీచరుగారిలా అధిక బరువు ఉండి, రోజుకు 500 కేలరీలు తగ్గించుకునేవారి స్థితి అంత తీవ్రంగా ఉండదు. అయినా నాలుగో నెలలో "కలలో కూడా జిలేబీలే మేడమ్" అని ఎవరైనా చెబితే మేము నవ్వి ఊరుకోము. అది విరామం కావాలన్న కబురు అని తీసుకుంటాము.

ఒంట్లో జరిగేది

బరువు తగ్గేకొద్దీ శరీరానికి కావలసిన కేలరీలు కూడా తగ్గుతాయి. బరువైన బండికి ఎక్కువ పెట్రోలు, తేలికైన బండికి తక్కువ, అంతే. 84 కిలోలనుంచి 77 కిలోలకు దిగినవారికి రోజుకు సుమారు 100 కేలరీల అవసరం తగ్గిపోతుంది. పైగా శరీరం కొంత పొదుపు కూడా మొదలుపెడుతుంది. తెలియకుండానే కదలిక తగ్గుతుంది: ఇదివరకు లేచి తెచ్చుకునే నీళ్లు ఇప్పుడు మనవడితో తెప్పించుకుంటాం. కొవ్వు కణాలనుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోను తగ్గి ఆకలి పెరుగుతుంది. అందుకని మొదటి నెల మూడు కిలోలు తగ్గించిన పథ్యమే నాలుగో నెల అరకిలో తగ్గిస్తుంది. రోగి తప్పేమీ లేదు.

విరామం ఇస్తే ఈ పొదుపు సడలుతుందా అని శాస్త్రవేత్తలు పరిశీలించారు. 2017లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో ఊబకాయం ఉన్న 51 మంది పురుషులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు 16 వారాలు ఆపకుండా పథ్యం చేసింది. రెండో గుంపు రెండు వారాలు పథ్యం, రెండు వారాలు విరామం చొప్పున మొత్తం అదే 16 వారాల పథ్యాన్ని 30 వారాల్లో పూర్తి చేసింది. ఆపకుండా చేసినవారు సగటున 9 కిలోలు, విరామాలతో చేసినవారు 14 కిలోలు తగ్గారు.

ఈ వార్త విని "అయితే నాకూ రెండు వారాలు స్వేచ్ఛ" అని ఉత్సాహపడేవారికి రెండు మాటలు చెప్పాలి. ఒకటి, ఆ విరామాల్లో వాళ్లు ఇష్టమొచ్చినట్టు తినలేదు. బరువు పెరగకుండా, తగ్గకుండా నిలబడేంత ఆహారమే తిన్నారు. రెండు, ఆ తరువాత వచ్చిన అధ్యయనాలన్నింటిలో అంత లాభం కనబడలేదు. 2021లో ఆస్ట్రేలియాలోనే, వ్యాయామం అలవాటున్నవారి మీద జరిగిన మరో అధ్యయనంలో విరామం తీసుకున్నవారూ తీసుకోనివారూ కొవ్వు ఒకే రీతిగా తగ్గారు. అయితే విరామం తీసుకున్నవారికి ఆకలి బాధ తక్కువగా ఉంది. కాబట్టి విరామం వల్ల కొవ్వు తొందరగా కరుగుతుందని మేము చెప్పము. ఒంటికంటే మనసుకు అది చేసే మేలు ఎక్కువ అన్నది మా అభిప్రాయం.

మాకు అన్నిటికంటే నచ్చినది 2003 నాటి ఒక అమెరికా అధ్యయనం. పథ్యం మధ్యలో ఆపేస్తే మనుషులు ఎలా దారి తప్పుతారో చూడాలని పరిశోధకులు కావాలనే కొందరికి ఆరు వారాల విరామం ఒకేసారి, కొందరికి రెండేసి వారాల విరామాలు ఇచ్చారు. అందరూ పాత అలవాట్లకు జారిపోతారని వారు ఊహించారు. అలా జరగలేదు. విరామాల్లో తగ్గడం నెమ్మదించింది గాని, తిరిగి మొదలుపెట్టాక మళ్లీ తగ్గారు. చివరికి విరామం తీసుకోనివారికీ వీరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆపమని చెప్పి, మళ్లీ ఫలానా రోజు రమ్మని చెబితే మనుషులు వస్తారన్నమాట. మా టీచరుగారికి ఎవరూ తేదీ చెప్పలేదు. ఆమె అంతట ఆమె ఆపి, ఆపినందుకు తనను తానే నిందించుకుని ఇంట్లో కూర్చున్నారు.

విరామంలో ఎలా తినాలి?

సామాన్యంగా మూడు నాలుగు నెలలు పథ్యం చేసినవారికి, లేదా మొదటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినవారికి మేము రెండు వారాల విరామం సూచిస్తాము. ఆ మాత్రం తగ్గుదలతోనే బీపీలో, షుగరులో మేలు కనబడుతుంది. మోకాళ్లకు కూడా. ఒక కిలో బరువు తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక అధ్యయనం చూపింది. కాబట్టి విరామానికి ముందు సంపాదించుకున్నది తక్కువేమీ కాదు, దాన్ని నిలుపుకోవడమే ఈ రెండు వారాల పని.

పథ్యంలో రోజుకు 500 కేలరీలు తగ్గించి ఉంటే, విరామంలో 400 దాకా తిరిగి కలపవచ్చు. కాగితం మీద 400 పెద్ద అంకెలా ఉంటుంది, కంచంలో మాత్రం అంత కనబడదు. ఉదయం ఇంకో ఇడ్లీ, మధ్యాహ్నం ఇంకో అరకప్పు అన్నం, ఒక ఉడికించిన గుడ్డు, ఒక కప్పు పెరుగు, సాయంత్రం ఒక అరటిపండు. ఇవన్నీ కలిపితే 400 దాటుతుంది. షుగరు ఉన్నవారు అరటిపండు బదులు జామకాయ తీసుకోండి. ఈ రెండు వారాలకు కలిపేవి ఏవో మొదటి రోజే నిర్ణయించుకోండి. ఆపైన రోజువారీ లెక్క అక్కరలేదు.

లెక్క లేనప్పుడు కంచమే కొలత. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఒక రోజు కంచం బొమ్మ ఉంది. అందులో ఇంచుమించు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే. మన కంచంలో సగానికి పైగా అన్నమే ఉంటుంది. రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాలనుంచి వచ్చేవి 45 శాతం దాటకూడదని అదే పత్రం చెబుతోంది. అందుచేత విరామంలో కూడా ముందు కూర వడ్డించుకోండి, తర్వాత పప్పు, చివర అన్నం. ఇదివరకటి కప్పుతోనే అన్నం పెట్టుకోండి. రెండోసారి అడగాలనిపిస్తే మజ్జిగ తాగి పది నిమిషాలు ఆగండి. నూనెకు ఇంకా సులువైన కొలత ఉంది: నలుగురి ఇంటికి నెల మొదట్లో రెండున్నర లీటర్లు తెచ్చి, నెలాఖరుదాకా మళ్లీ కొనకండి. చెంచాలతో కొలవవలసిన పని ఉండదు, కోడలిగారితో మాట పట్టింపూ ఉండదు.

నడక మానవద్దు. మందులు మానవద్దు. వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం ఏమీ తినకముందు, ఒకే మిషన్ మీద బరువు చూసుకుని క్యాలెండరు మీద రాయండి. ఇది ఒక్కటి మాత్రం విరామంలోనూ రాయాలి. ఇంట్లో మిషన్ లేకపోతే టైలరు టేపుతో నడుము కొలుచుకోండి. మనవారిలో ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే ముప్పు అని వైద్యుల లెక్క.

మొదటి వారంలో కిలో, కిలోన్నర పెరిగితే కంగారుపడకండి. పథ్యంలో ఉన్నప్పుడు కాలేయంలో, కండరాల్లో పిండిపదార్థపు నిల్వ తగ్గిపోయి ఉంటుంది. కాస్త ఎక్కువ అన్నం తినగానే ఆ నిల్వ నిండుతుంది, ప్రతి గ్రాముకూ దాదాపు మూడు గ్రాముల నీరు పట్టి ఉంచుతుంది. ఆ బరువు కొవ్వు కాదు. అప్పడాలు, పచ్చళ్లు ఎక్కువైతే ఉప్పు వల్ల ఇంకొంత నీరు చేరుతుంది. తిరిగి పథ్యం మొదలుపెట్టిన వారంలోనే ఇది చాలావరకు దిగిపోతుంది. చాలామంది ఈ కిలో చూసి బెదిరి, మర్నాడంతా పస్తుండి, ఆ రాత్రి విపరీతంగా తింటారు. అలా చేయవద్దని మనవి. ఒకవేళ రెండు కిలోలకు మించి పెరిగి, రెండో వారమూ పెరుగుతూనే ఉంటే విరామం అక్కడితో చాలించి మా దగ్గరకు రండి.

డిసెంబరు సంగతి

విరామం ఎప్పుడు తీసుకోమంటారు అని అడిగేవారిలో ఎక్కువమంది మనసులో ఉన్నది డిసెంబరే. మొదటి వారంలోనే క్యారల్స్ మొదలవుతాయి. రాత్రికి పది ఇళ్లు తిరిగితే పది ఇళ్లలో టీ, కేకు, మిక్చరు. ఆపైన స్త్రీల సమాజం క్రిస్మస్, సండేస్కూలు క్రిస్మస్, ఆఫీసు క్రిస్మస్, అసలు క్రిస్మస్. ఏడాది చివరి రాత్రి ఆరాధన, జనవరి ఒకటిన ప్రేమ విందులో బిర్యానీ. ఊపిరి పీల్చుకునే లోపల సంక్రాంతి అరిసెలు పక్కింటినుంచి వస్తాయి. అన్నీ కలిపితే ఆరు వారాలు.

ఆరు వారాలనూ విరామం అనుకుంటే చేతిలో ఉన్నది జారిపోతుంది. డిసెంబరు 20నుంచి జనవరి 2 దాకా అని క్యాలెండరు మీద గీత గీసుకోండి. అటూ ఇటూ పుస్తకం తెరిచే ఉంచండి. క్యారల్స్‌కు వెళ్లేవారు ఇంటి దగ్గర భోంచేసి వెళ్లి, ఒక ఇంట్లో కేకు, మిగతా ఇళ్లలో చక్కెర లేని టీ పుచ్చుకుంటే మర్యాదకు లోటు రాదు. విందు రోజున బిర్యానీ తినండి, సంతోషంగా తినండి. పార్సిలు మాత్రం ఇంటికి తేకండి. మర్నాటి ఉదయం చద్ది బిర్యానీ వల్ల జరిగే నష్టం విందులో తిన్నదానికంటే ఎక్కువని మా అనుభవం.

విందు ఏర్పాటు చేసే పెద్దలకు కూడా ఒక విన్నపం. బిర్యానీ పక్కన పెరుగుచట్నీతో పాటు పెద్ద గిన్నెడు కీరా, క్యారెట్టు ముక్కలు పెట్టించండి. ఖర్చు ఎక్కువ కాదు, పథ్యంలో ఉన్నవారికి కంచం నింపుకునే వీలుంటుంది.

ముందు డాక్టరుగారిని అడగవలసినవారు

ఇన్సులిన్ వేసుకునేవారు, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లామైడ్ వంటి షుగరు మాత్రలు వాడేవారు సొంతంగా విరామం మొదలుపెట్టకూడదు. పథ్యంలో తక్కువ తింటున్నందున డాక్టరుగారు మోతాదు తగ్గించి ఉండవచ్చు. విరామంలో తిండి పెరిగితే షుగరు పెరుగుతుంది. విరామం ముగిసి తిండి తగ్గించినప్పుడు ఎదురు ప్రమాదం: మోతాదు ఎక్కువై షుగరు హఠాత్తుగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనబడితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. నలభై రోజుల ఉపవాసాలు చేసే షుగరు రోగులు కూడా ఇలాగే మోతాదు సంగతి ముందు అడిగి మొదలుపెట్టాలి.

గుండె బలహీనమై నీరు చేరే జబ్బు ఉన్నవారికి రోజూ బరువు చూసుకోమని చెప్పి ఉంటాము. వారికి ఆ పనికి విరామం లేదు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది అన్నం వల్ల అనుకోకండి, నీరు చేరుతున్నట్టు అనుమానించి అదే రోజు రండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు బరువు తగ్గే పథ్యాలు మా సలహా లేకుండా చేయకూడదు, కాబట్టి వారికి ఈ వ్యాసం వర్తించదు.

ఇంకొకరున్నారు. వీరిలో ఎక్కువగా కాలేజీ వయసు పిల్లలు. లెక్క పది కేలరీలు మించినా ఏడ్చేవారు, తిని బలవంతాన వాంతి చేసుకునేవారు, సన్నబడిపోతున్నా ఇంకా లావుగా ఉన్నామని భయపడేవారు. వీరికి రెండు వారాల సెలవు చాలదు. కేలరీల లెక్క పూర్తిగా మానాలి. అది మొండితనం కాదు, జబ్బు. తల్లిదండ్రులు కోప్పడకుండా డాక్టరుగారి దగ్గరకు తీసుకురావాలి. మానసిక వైద్యుల సహాయం కూడా అవసరమవుతుంది.

విరామం ముగిసిన రోజున పాత 1300 అంకెతోనే మొదలుపెట్టవద్దు. బరువు మారింది గనుక లెక్క కూడా కొత్తగా వేయాలి. కొందరికి తిండి అలాగే ఉంచి నడక అరగంటనుంచి ముప్పావుగంటకు పెంచితే సరిపోతుంది. కొందరు ఇప్పుడున్న బరువు దగ్గరే ఆరు నెలలు నిలబడతామంటారు, అదీ మాకు సమ్మతమే. మా టీచరుగారు అలాగే అన్నారు. ఆమెకు బీపీ మాత్రలు తిరిగి మొదలుపెట్టారు. మూడు వారాల తరువాత వచ్చినప్పుడు బీపీ 136/84 ఉంది, బరువు 77 దగ్గరే ఉంది. ఇప్పుడు నెలకొకసారి వస్తున్నారు. వచ్చేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, క్యాలెండరు కాగితం, ఇంట్లో అన్నం కొలిచే కప్పు తెస్తున్నారు. మీరు కూడా ఆ మూడూ వెంట తెచ్చుకుంటే మాకు లెక్క వేయడం సులువవుతుంది.